బ్రోనియా ఎత్తని టోపీ

బ్రోనియా పీకార్స్కికి కోపం ఎప్పుడొస్తుందని పోర్ట్ హాలెట్‌లో ఎవరూ అడగరు. ఎప్పుడు తగ్గిందో చెప్పమంటే మాత్రం ఊరు కాసేపు తల గోక్కోవాలి. ముప్ఫై ఒక్కేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. ఆమె బస్సులో పిల్లలు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టరు, బబుల్ గమ్ సీటు కింద అంటించరు, వెనక సీట్లో కొట్టుకోరు. పైనున్న అద్దంలోంచి ఆమె ఒక్క చూపు చూస్తే చాలు, లేచిన చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చి కూర్చుంటాయి. అరవై రెండేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు అరిగాయి, నోరు మాత్రం అరగలేదు.

బస్సు దిగి రోడ్డు దాటే పిల్లలకి ఆమె దగ్గర ఒకటే చట్టం. బంపరు ముందు ఆగాలి, తలెత్తి డ్రైవరు వైపు చూడాలి, ఆమె చెయ్యి పైకెత్తాకే అడుగు వెయ్యాలి. ఆఖరి పిల్ల అవతలి అంచు మీద కాలు పెట్టేదాకా ఆ చెయ్యి దిగదు. ఇరవై ఎనిమిదో వీధిలో ఎఫ్రేన్ మాల్డొనాడో అనే ఏడేళ్ళ బక్కపిల్లాడు ఒకసారి చూడకుండా పరుగెత్తాడు. లారీ ఒకటి వాడి పుస్తకాల సంచిని రాసుకుంటూ పోయింది. బ్రోనియా దిగి వచ్చి నడిరోడ్డు మీద తిట్టిన తిట్లకి వాడు ఏడ్చాడు, వాళ్ళమ్మ ఏడ్చింది, బస్సులో సగం మంది ఏడ్చారు. ఆ రోజు మొదలు ఆ బడి వదిలేదాకా, మైలు దూరంలో బండి లేకపోయినా, ఎఫ్రేన్ బంపరు ముందు ఆగి తలెత్తి చూసేవాడు.

ఆ కోపం ఆమెకి తండ్రి ఇచ్చిన ఆస్తి. బేస్‌బాల్ పిచ్చీ ఆయన ఇచ్చిందే. ఆయన ఉక్కు మిల్లులో కొలిమికి బొగ్గు ఎగదోసిన మనిషి. ఊరి జట్టుకి స్టోకర్స్ అన్న పేరు ఆ పని చేసేవాళ్ళని చూసి పెట్టిందే. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం ఆట. నూట పద్నాలుగో సెక్షన్, ఆరో వరస, ఒకటీ రెండూ సీట్లు. ఒళ్ళో స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిలు. పడిన ప్రతి బంతినీ గళ్ళలో గుర్తులు పెట్టి రాసుకునేవాడు. రాసుకోనివాడు ఆట చూసినట్టు కాదు, ఊరికే ఎండలో కూర్చున్నట్టు అనేవాడు. ఆయన పోయాక పుస్తకం బ్రోనియా ఒళ్ళోకి వచ్చింది. రెండో సీటుకి కూడా ఏటా టిక్కెట్టు కొని, అందులో ఆయన ఎర్ర టోపీ పెడుతుంది. పొరపాటున ఆ సీట్లో కూర్చోబోయిన వాళ్ళు మళ్ళీ ఆ సెక్షన్ ఛాయలకి రారు.

ఊరికి ఒకప్పుడు ఐస్ హాకీ జట్టు ఉండేది, పోయింది. బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది, పేరు మార్చుకుని ఇంకో ఊరికి చెక్కేసింది. మిల్లు మూతపడింది. మిగిలింది స్టోకర్స్ ఒక్కటే. అదేమీ పెద్ద లీగు కాదు, కింది మెట్టు లీగు. ఆ ముక్క పోర్ట్ హాలెట్‌లో గట్టిగా అని చూడండి, తెలుస్తుంది.

తొమ్మిదేళ్ళ కిందట ఆ జట్టుని విట్లాక్ అనే పెద్దమనిషి కొన్నాడు. పెద్దమనిషి అన్నది మర్యాదకి. వచ్చిన రెండో ఏడే స్టాండ్లు పాతబడ్డాయి, బాగుచెయ్యకపోతే జట్టు ఇక్కడ నిలవదన్నాడు. ఊరంతా ఓటేసి తన నెత్తిన తానే పన్ను వేసుకుంది. ఆ ఓట్ల కోసం మంచులో బూట్లు ఈడ్చుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది ఎవరనుకున్నారు? బ్రోనియానే. పింఛను మీద బతికే ముసలమ్మలని కూడా ఒప్పించింది. కొత్త స్టాండ్లు లేచాయి, వాటి పైన విట్లాక్ కూర్చోవడానికి అద్దాల గది లేచింది. ఈ మార్చిలో అదే విట్లాక్ టీవీలో కనిపించి, సీజన్ అయ్యాక జట్టు దక్షిణాన ఎడారిలో కొత్తగా కడుతున్న ఊరికి వెళ్ళిపోతుందనీ, తన గుండె బరువెక్కిందనీ చెప్పాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని బ్రోనియా చాలామందిని చూసింది. తగలేస్తూ కళ్ళు తుడుచుకున్నవాణ్ణి చూడడం అదే మొదలు. ఆమె టీవీ ఆపలేదు, ప్లగ్గుని గోడలోంచి పీకేసింది. కోపం సగం వాడి మీద. మిగతా సగం తన మీదే, ఆ ముసలమ్మల గుమ్మాల్లో నవ్వుతూ నిలబడి వాడికి పూచీ పడినందుకు.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఊళ్ళో ఆఖరి ఆట. దాన్ని వీడ్కోలు పండగగా చేసి, టీవీలో అప్పటికప్పుడు చూపిస్తానని విట్లాక్ చాటింపు వేశాడు. కానిమ్మంది బ్రోనియా. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి నిలబడి, ఒళ్ళు విరుచుకుని, పాట పాడడం ఈ ఆటలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఆ రోజు ఎవరూ పాడకూడదు. లేచి నిలబడగానే తను తండ్రి టోపీ పైకెత్తుతుంది. అది చూసి అందరూ వీపు తిప్పి బయటికి నడవాలి. మిగతా ఆట ఖాళీ కుర్చీల ముందు ఆడుకోనీ, వాడి కెమెరాలు అదే ఊరూరా చూపించనీ. ఆర్నెల్లు ఇదే పని. చర్చిలో శుక్రవారం చేపల విందుల దగ్గర, యూనియన్ హాల్లో, బస్సు డిపోలో కాగితాలు పంచింది. వస్తానని రాకపోతే ఏం చేస్తావని ఎవరో అడిగితే, రోడ్డు దాటేటప్పుడు నా బస్సు వస్తోందేమో చూసుకో అంది. ఆరు వేల సీట్లకి ఐదు వేల మంది సరేనన్నారు. ఆమె జీవితంలో దేనికోసమూ అంతగా ఎదురుచూడలేదు.

ఆ ఆదివారం బంతి విసరాల్సిన వంతు ఎఫ్రేన్‌ది. అవును, ఆ ఎఫ్రేనే. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు, గుమ్మం పట్టనంత మనిషి. జట్టులో ఊళ్ళో పుట్టినవాడు వాడొక్కడే. ఆట మొదలుపెట్టే ముందు విసిరే దిబ్బ మీద నిలబడి నూట పద్నాలుగో సెక్షన్ వైపు తలెత్తి చూస్తాడు. బ్రోనియా చెయ్యి ఎత్తుతుంది. అప్పుడు గానీ మొదటి బంతి వెయ్యడు. మూడేళ్ళుగా ఇదే వరస. ఆ ఏడు మాత్రం వాడి చేతిలో పస లేదు. ఎనిమిది ఆటలు గెలిచి పదమూడు పోగొట్టాడు. కొత్త ఊరికి వాణ్ణి తీసుకెళ్ళరని అందరికీ తెలుసు, వాడికీ తెలుసు.

ముగ్గురు అవుటయితే ఒక ఇన్నింగ్స్, అలాంటివి తొమ్మిది. మూడో ఇన్నింగ్స్ అయ్యాక బ్రోనియా పుస్తకంలో అవతలి జట్టుకి హిట్లు, అంటే కొట్టి క్షేమంగా బేస్ చేరినవి, సున్నా. నాలుగోదీ సున్నా. ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి చుట్టుపక్కల మాటలు సన్నగిల్లాయి. వేరుశెనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా తగ్గింది.

తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ అవతలి వాళ్ళకి ఒక్క హిట్టయినా దక్కనివ్వకుండా ముగించడానికి ఒక పేరుంది. అది జరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరూ పలకరు. పలికితే తర్వాతి బంతికే హిట్ పడుతుంది. అందుకే ఇక్కడా పలకడం లేదు. ఎవరు ఏ సీట్లో ఉన్నారో అక్కడే ఉండాలి. కాలు మీద కాలు వేసుకున్నవాడు తియ్యకూడదు. తాగిన బీరు ఎంత తొందరపెట్టినా ఆపుకోవాలి. జట్టు బెంచీ మీద కూడా విసిరేవాడి పక్కన ఎవరూ కూర్చోరు, పలకరించరు.

నవ్వేవాళ్ళు నవ్వచ్చు. పదకొండేళ్ళ కిందట బ్రోనియా తమ్ముడు కాజ్ కూడా నవ్వాడు. అప్పుడూ ఇలాగే ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా సున్నా. ఇంకా ఐదుగురే మిగిలారంటూ ఆ మాట పైకి అనేశాడు. తర్వాతి బంతి రెండో బేస్ వాడి నెత్తి మీదుగా లేచి మెత్తగా గడ్డిలో పడింది. తమ్ముడితో మాటలు ఆ బంతితోనే ఆగిపోయాయి. తల్లి అంత్యక్రియల్లో సైతం పెట్టెకి చెరోపక్కా నిలబడి, చెప్పుకోవలసినవి చర్చి ఫాదర్ చేత చెప్పించుకున్నారు. అయినా కాజ్ ఒక్క ఆట మానలేదు. పదకొండేళ్ళుగా సరిగ్గా ఆమె వెనక సీట్లో కూర్చుని, ఆమె భుజం మీంచి స్కోరు పుస్తకం చూసుకుంటాడు.

ఆరో ఇన్నింగ్స్ సున్నా. బ్రోనియాకి చెమటలు పట్టాయి, చెమటతో పాటు కోపమూ వచ్చింది. ఏడాది పొడుగునా మూలుగుతూ విసిరిన వెధవకి ఇవాళే చెయ్యి తిరగాలా? పోయిన ఆదివారం ఏమైంది? జూన్‌లో ఏమైంది? దిబ్బ మీద వాడు ఎడమ చేత్తో నుదురు తుడుచుకుంటుంటే, పరిగెత్తుకెళ్ళి జబ్బ పుచ్చుకుని అడగాలనిపించింది. మళ్ళీ వాడు బంతి వేసినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది కూడా ఆమే.

ఏడో ఇన్నింగ్స్‌లో వరసగా ముగ్గుర్ని పంపించేశాడు. జనం లేచారు. పాటకి ఆర్గన్ వాద్యం మోగింది. అనుకున్న ప్రకారం ఎవరూ నోరు తెరవలేదు. ఐదు వేల తలలు నూట పద్నాలుగో సెక్షన్ వైపు తిరిగాయి.

ఆమె చెయ్యి టోపీ మీదే ఉంది. ఎత్తితే ఐదు వేల మంది ఒక్కసారిగా సీట్లు వదిలి కదులుతారు. ఆ తర్వాత ఎఫ్రేన్ గతి ఏమవుతుందో ఆమెకి తెలియదా? ఎత్తకపోతే ఆర్నెల్ల ఒట్టు నీళ్ళపాలు. ఎందుకు ఎత్తడం లేదో జనానికి చెప్పుకుందామంటే, ఆ మాట పలకడానికి లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎదురుగా చూస్తున్న మొహాల్లో కొన్ని ఎత్తు అంటున్నాయి, కొన్ని వద్దంటున్నాయి. ఆ వద్దనేవాళ్ళలో ఆమె అందరికంటే ముందు ఒప్పించిన యూనియన్ ముసలాళ్ళే ఎక్కువమంది. ఆర్గన్ ఇంకా మోగుతూనే ఉంది. ఆచారం తప్పితే ఏం ముంచుకొస్తుందోనన్న భయంతో కాబోలు, ఎక్కడో ఒక ముసలి గొంతు సన్నగా పాట ఎత్తుకుంది. ఇంకో గొంతు కలిసింది. చూస్తుండగానే స్టేడియం అంతా పాడుతోంది.

పైన అద్దాల గదిలో విట్లాక్ లేచి ముందుకి వచ్చాడు. జనం తన మీద ప్రేమతో పాడుతున్నారనుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని తల ఊపాడు. అందులో ఏ మాత్రం నటన లేదు, నిజంగానే నమ్మాడు. పెద్ద తెర మీద వాడి మొహం కనిపించింది. బ్రోనియా కూర్చుండిపోయింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్కోరు పుస్తకంలో గళ్ళు అలుక్కుపోయినట్టు కనిపించాయి.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒకడు అవుటయ్యాక వెనకనుంచి మెల్లగా వినబడింది.

"బ్రోనియా."

పదకొండేళ్ళలో కాజ్ నేరుగా పిలవడం అదే మొదలు. ఆమె తల తిప్పలేదు. అంతసేపూ ముందుకే చూస్తున్న మనిషి ఇప్పుడు వెనక్కి తిరగడానికీ లేదు.

"నేను అనేస్తాను," అన్నాడు వాడు. "ఆ మాట. ఒకసారి అన్నవాణ్ణేగా, ఆ పాపం ఎలాగూ నా నెత్తినే ఉంది. ఇంకోటి పడితే బరువేం పెరగదు. హిట్ పడుతుంది, నువ్వు టోపీ ఎత్తు. ఆ గాజుపెట్టెలో వాడి మొహం మాడిపోవడం ఒక్కసారి చూడనీ నన్ను."

ఆమె వెంటనే వద్దనలేదు. ఈ సంగతి ఆమె తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. వాడి మాట విని ఆశపడింది. తన నోటికి మట్టి అంటదు, తన ఒట్టు నిలబడుతుంది, తిట్లు తినడానికి కాజ్ ఉన్నాడు. అలవాటైన వీపు. ఇంకో బంతి పడింది, అవతలివాడు దాన్ని తిరిగి కొట్టాడు, ఎఫ్రేన్ కాలు అడ్డం పెట్టి ఆపి, కుంటుతూ వెళ్ళి ఏరి, మొదటి బేస్‌కి విసిరాడు. అవుట్. వాడు కాలు విదిలించుకుని మళ్ళీ దిబ్బ ఎక్కాడు. బెంచీ వైపు చూడలేదు, గది వైపు చూడలేదు. ఇరవై ఎనిమిదో వీధి పిల్లాడు, వచ్చే ఏడు ఏ జట్టూ లేనివాడు, తన చేతుల్లో ఉన్న ఒకే ఒక్క మధ్యాహ్నాన్ని ఎవరితోనూ మాట్లాడకుండా మోస్తున్నాడు. నోరు జారినందుకే తమ్ముడికి పదకొండేళ్ళు శిక్ష వేసిన మనిషి, ఇప్పుడు అదే పని వాడి చేత కావాలని చేయించబోయింది. ఆ ఆలోచన తగిలేసరికి బ్రోనియాకి తన మీద వచ్చినంత కోపం విట్లాక్ మీద కూడా ఎప్పుడూ రాలేదు.

"నోరు ముయ్యరా కాజ్," అంది.

"సరే," అన్నాడు కాజ్. గొంతులో సంతోషం దాచుకోవడం చేతకాలేదు వాడికి.

ఎనిమిదోది సున్నా. మావాళ్ళు అప్పటికే రెండు పరుగులు ముందున్నారు, ఇంకో ముగ్గురు అవుటయితే ఆట ముగిసినట్టే. తొమ్మిదిలో మొదటివాడు గాల్లోకి లేపి దొరికిపోయాడు. రెండోవాడు మూడుసార్లు ఊపి మూడుసార్లూ గాలినే కొట్టాడు. మూడోవాడు కొట్టిన బంతి కుడివైపు కంచె దాకా పోయింది, పోయింది, అక్కడ మావాడి చేతి తొడుగులో పడింది. ఆరు వేల మంది ఒక్క పెట్టున అరిచారు. ఇంతసేపూ మింగుకున్న ఆ మాటని ఇప్పుడు చిన్నా పెద్దా గొంతు చించుకుని కేకలు పెడుతున్నారు. బ్రోనియా పెన్సిలు విరిగింది. కాజ్ వెనకనుంచి సీటు మీదుగా వంగి ఆమె తల పట్టుకుని ఊపేశాడు. ఆమె ఊపనిచ్చింది.

అప్పుడు మైకు పట్టుకుని విట్లాక్ మైదానంలోకి దిగాడు. వాడి వెనక బల్ల మీద జట్టు గుర్తు వేసిన పెద్ద కేకు వచ్చింది. నేరుగా దిబ్బ దగ్గరికి వెళ్ళి ఎఫ్రేన్ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. కెమెరాలన్నీ చుట్టూ మూగాయి. మీలాంటి అభిమానులు ప్రపంచంలో లేరన్నాడు. ఈ బంతిని కొత్త స్టేడియంలో అద్దాల బీరువాలో పెట్టి, పోర్ట్ హాలెట్‌ని కలకాలం గుర్తుంచుకుంటామన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినవాడయినా కాస్త నయం. వాడు కనీసం, ఆ నిప్పు తనే పెట్టి, పైగా పొగడ్త కోసం నిలబడలేదు.

ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. ఆట అయిపోయింది, మాట పలికేశారు, కాళ్ళు కదపచ్చు. కేకలు తగ్గి జనం మళ్ళీ ఆమె వైపు తిరిగారు. బ్రోనియా టోపీ అందుకుంది. చెయ్యి లేవలేదు.

విట్లాక్ పక్కన నిలబడ్డది ఎఫ్రేన్. వాడి బతుకులో ఇలాంటి గంట మళ్ళీ రాదు. ఇప్పుడు ఊరు వీపు తిప్పితే విట్లాక్ ఒక్కడికే తిప్పినట్టా? ఎఫ్రేన్‌కీ తిప్పినట్టే. కోపం చెయ్యి ఎత్తమంటున్నా చెయ్యి మాట వినకపోవడం ఆమెకి అరవై రెండేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. పళ్ళు నూరుకుంటూ అలాగే నిలబడింది.

ఎఫ్రేన్ తలెత్తి నూట పద్నాలుగో సెక్షన్ వైపు చూశాడు. కాగితం సంగతి వాడికి తెలియంది కాదు. వాళ్ళమ్మే ఇరవై కాగితాలు పట్టుకెళ్ళి వీధంతా పంచింది. బ్రోనియా చేతిలో టోపీని చూశాడు, ఆ చెయ్యి లేవకపోవడం చూశాడు. భుజం మీద ఉన్న విట్లాక్ చేతిని మర్యాదగా తీసి పక్కన పెట్టాడు. తన టోపీ తీసి, చెయ్యి చాచి, తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు.

రోడ్డు దాటమని.

బ్రోనియా గట్టిగా ఏదో తిట్టింది. ఎవర్ని తిట్టిందో పక్కనున్నవాళ్ళకి అర్థం కాలేదు. తండ్రి టోపీని పైకెత్తింది.

ముందు నూట పద్నాలుగో సెక్షన్ కదిలింది, తర్వాత పక్కవి. ఎవరూ అరవలేదు, ఏమీ విసరలేదు. చంకల్లో చిన్నపిల్లలని ఎత్తుకుని, ముసలాళ్ళ చేతులు పట్టుకుని, వరస తర్వాత వరస మెట్లు ఎక్కి బయటికి నడిచారు. మైకులో విట్లాక్ గొంతు మొదట నవ్వింది, ఆగండి ఇంకా కార్యక్రమం ఉందంది, కేకు ఉందంది. తర్వాత ఎవర్నో పక్కకి పిలిచి, కెమెరాలు కట్టెయ్యమంది. ఆ మాట కూడా మైకులోనే వినబడింది.

"ఇప్పుడు నాతో మాట్లాడతావా?" అన్నాడు కాజ్ మెట్ల మీద.

"మాట్లాడుతున్నానుగా. ఇంకా ఎక్కువ ఆశపడకు."

విట్లాక్‌ని ఆమె ఆ రోజూ క్షమించలేదు, తర్వాతా క్షమించలేదు. జట్టు వెళ్ళిపోయింది. వాడు ఎడారిలో బాగానే ఉన్నాడు. ఆ సాయంత్రం టీవీ వార్తల్లో జనం రద్దీకి ముందే ఇళ్ళకి బయలుదేరారని చెప్పారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఆమె బస్సు గేరు కరకరమంటుంది.

గేటు దగ్గర ఆమె నిలబడి జనాన్ని ముందు పంపించింది. అందరూ వెళ్ళాక, కాజ్‌ని కూడా తోసి, ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆరు వేల ఖాళీ కుర్చీలు. పక్కన విట్లాక్ లేడు, కేకు బల్ల మీదే ఉంది. ఎఫ్రేన్ ఒక్కడే దిబ్బ మీద నిలబడి ఉన్నాడు. ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది.

బ్రోనియా గేటు దాటి అవతల కాలు పెట్టింది. అప్పుడు దించాడు.